పంటికి కాల్షియం పూత: అపోహలు - వాస్తవాలు

పళ్లకు పెట్టిన క్లిప్పులు తీశాక, అవి ఉన్న చోటు చుట్టూ సుద్దరంగు మచ్చలు కనిపిస్తే ఇంట్లో అందరూ కంగారు పడతారు. దంతవైద్యురాలిగా ఆ సమయంలో నేను వినే మాటలివి.

అపోహ: కాల్షియం మాత్రలు వేసుకుంటే ఎనామిల్ (పంటి పైనున్న గట్టి పొర) మళ్లీ పెరుగుతుంది.

పెరగదు. ఎనామిల్‌ను తయారుచేసే కణాలు పన్ను చిగురు దాటి బయటికి వచ్చేసరికే అంతరించిపోతాయి. విరిగిన ఎముకలా అది అతుక్కోదు.

అపోహ: అయితే కరిగిపోయిన ఖనిజం ఇక రాదు.

ఈ మాట నమ్మి ఊరుకున్నవారే ఎక్కువ నష్టపోతారు. ఎనామిల్ బరువులో సుమారు 96 శాతం ఖనిజమే, ముఖ్యంగా కాల్షియం, ఫాస్ఫేట్. తీపి తిన్నాక బాక్టీరియా వదిలే ఆమ్లంతో పంటి మీద పీహెచ్ (ఆమ్లత్వానికి కొలత, ఆమ్లం పెరిగితే ఇది తగ్గుతుంది) దాదాపు 5.5 కన్నా తగ్గితే ఆ ఖనిజం కరుగుతుంది. ఆమ్లం తగ్గగానే లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేట్ తిరిగి పంటిలోకి చేరతాయి. రోజూ ఈ పోకా రాకా ఉంటుంది. పోయేది ఎక్కువైతే పైపొర నిలిచి ఉండగానే దాని కింద గుల్లబారుతుంది. పంటి తడి ఆర్పితే స్పష్టంగా కనిపించే తెల్ల మచ్చ అదే. ఇంకా గుంట పడలేదు కనుక దాన్ని అక్కడే ఆపవచ్చు, కొంతవరకు గట్టిపరచవచ్చు.

కాల్షియం, ఫాస్ఫేట్ కలిస్తే త్వరగా గడ్డకడతాయి. పాలలోని కేసిన్ అనే ప్రోటీన్ నుంచి తీసిన పెప్టైడ్లు (చిన్న ప్రోటీన్ ముక్కలు) వాటిని అలా కాకుండా పట్టి ఉంచి పంటికి అందిస్తాయి. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో ఎరిక్ రేనాల్డ్స్ బృందం రూపొందించిన, పంటికి పూసే క్రీముల్లో వాడే సీపీపీ-ఏసీపీ అనే పదార్థం పనిచేసే తీరు ఇదే. పాల ప్రోటీన్ అలర్జీ ఉన్నవారు మాత్రం దీన్ని వాడకూడదు.

అపోహ: ఈ క్రీము ఉంటే ఫ్లోరైడ్ పేస్టు అక్కర్లేదు.

తప్పకుండా కావాలి. ఫ్లోరైడ్‌కు ఉన్నంత బలమైన ఆధారాలు ఈ క్రీములకు లేవు. రాత్రి ఫ్లోరైడ్ పేస్టుతో తోముకున్నాక క్రీము పూసి, కొన్ని నిమిషాలు ఉంచి, ఉమ్మి, పుక్కిలించకుండా పడుకోవాలి. నిద్రలో లాలాజలం తగ్గుతుంది కాబట్టే రాత్రి పూత ముఖ్యం.

అపోహ: తెల్ల మచ్చలన్నీ ఒకటే.

నల్లగొండ వంటి, నీటిలో ఫ్లోరైడ్ మితిమీరి ఉన్న ప్రాంతాల్లో కనిపించే ఫ్లోరోసిస్ మచ్చలు పన్ను ఏర్పడే దశలోనే పడినవి. వాటి చికిత్స వేరు. చూపించుకోకుండా క్రీము కొనకండి. నిమ్మతొక్కతో అసలే రుద్దకండి, ఆ పులుపు ఉన్న ఖనిజాన్నీ కరిగిస్తుంది.

గుంట పడిన పన్నును ఏ పూతా పూడ్చలేదు. దానికి ఫిల్లింగే.