నోట్లో ఉన్న పిల్లలు ఎవరివి?

ఆఫ్రికన్ సిక్లిడ్ చేపలకు పిల్లలు పుట్టించడం పెద్ద విద్య అనుకుని చాలామంది భయపడతారు. మలావీ సరస్సు జాతులైతే ఆ పని మన ప్రమేయం లేకుండానే కానిచ్చేస్తాయి. పుట్టినవి ఏ జాతివో చెప్పడం దగ్గరే చిక్కు వస్తుంది.

ముందుగా మగ చేపకి రంగు దట్టంగా తేలుతుంది. రాయి పక్కన ఇసుకను నోటితో ఎత్తి పోస్తూ చిన్న గుంట చేసుకుంటుంది. ఆడది దగ్గరికి రాగానే ఒళ్లు వణికిస్తుంది. రెండూ గుండ్రంగా తిరుగుతాయి. ఆడది కొన్ని గుడ్లు పెట్టి, వెంటనే వెనక్కి తిరిగి నోట్లో వేసుకుంటుంది. అప్పటికి వాటిలో చాలావాటికి ఫలదీకరణే జరిగి ఉండదు. మగదాని పొట్ట కింద, వెనకవైపు రెక్క మీద పసుపు చుక్కలుంటాయి, చూడ్డానికి గుడ్లలాగే. ఆ రెక్కను పరిచి చూపిస్తే ఆడది అక్కడ నోరు పెడుతుంది. మగది వదిలిన వీర్యం నేరుగా నోట్లోకి వెళ్తుంది. ఆడది చుక్కల్ని గుడ్లనుకుని మోసపోతుందని జంతు ప్రవర్తన శాస్త్రవేత్త వుల్ఫ్‌గాంగ్ విక్లర్ 1962లో ప్రతిపాదించాడు. తర్వాతివాళ్లు దాన్ని అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. అది మోసమో, ఆకర్షణో తేలకపోయినా పని మాత్రం జరుగుతోంది.

ఆ తర్వాత సుమారు మూడు వారాలు తల్లి గుడ్లని, పిల్లల్ని నోట్లోనే దాచుకుంటుంది, దాదాపు ఏమీ తినదు. గొంతు కింద సంచిలా ఉబ్బుతుంది, పొట్ట లోపలికి పోతుంది. పిల్లలు నోరు దాటేసరికి చిన్న సైజు చేపలే, వెంటనే మేత వెతుక్కుంటాయి. ఈ మధ్యలో వలతో వెంటాడితే తల్లి టెన్షన్‌కి అన్నీ ఉమ్మేస్తుంది. తొట్టి మార్చాలంటే లైట్లు ఆపాక, నెమ్మదిగా మార్చడం మంచిది. పిల్లల్ని వదిలాక తల్లికి కొన్నాళ్లు విడిగా మేత పెట్టి ఒళ్లు పట్టనివ్వాలి. నీరసంగా తిరిగొస్తే మిగతావి బతకనివ్వవు.

నీళ్ల సంగతి తేలికే. క్షార గుణం ఉన్న కఠిన జలం, పీహెచ్ 8 దరిదాపుల్లో, వేడి 25 డిగ్రీల చుట్టూ, ఫిల్టర్ బలంగా ఉండాలి. రాళ్లు ఎన్ని పేర్చినా ఎక్కువ కాదు. ఒక మగదానికి కనీసం మూడు ఆడవి ఉంటే దాని వేధింపు ఒక్కదాని మీదే పడదు. రాళ్ల మీది నాచు గీక్కుని తినే జాతులకి మాంసాహారం దట్టిస్తే కడుపు ఉబ్బి చావొచ్చు.

ఇక అసలు చిక్కు. మలావీ జాతులు చాలా కొద్ది కాలంలో విడిపోయినవి, జన్యువుల్లో తేడా స్వల్పం. చాలా జాతుల్లో వాటిని వేరుగా నిలిపేది ప్రధానంగా ఆడ చేప ఎంపికే. ఆ ఎంపికలో రంగుకి పెద్ద పాత్ర ఉంది. విక్టోరియా సరస్సు చేపల మీద జీవశాస్త్రవేత్త ఓలే జేహౌజన్ బృందం 1990లలో దీన్ని పరీక్షించింది. ఎరుపు, నీలం తేడా కనపడని వెలుతురులో ఉంచితే ఆడ చేపలు తమ జాతి మగవాటినే ఎంచుకోవడం మానేశాయి. మన తొట్టిలో సొంత జాతి మగది లేకపోయినా జరిగేది అదే, దొరికినదానితో సర్దుకుంటాయి.

టాంగన్యీకా సరస్సులో ఇంకో తమాషా ఉంది. అక్కడి ఒక మచ్చల క్యాట్‌ఫిష్, సిక్లిడ్‌లు గుడ్లు పెట్టే హడావిడిలో దూరి తన గుడ్లు వదులుతుంది. తల్లి వాటినీ నోట్లోకి తీసుకుంటుంది. ముందుగా గుడ్డు పగిలి బయటికొచ్చేవి క్యాట్‌ఫిష్ పిల్లలే, అవి సిక్లిడ్ పిల్లల్ని లోపలే తినేస్తాయి. అయితే వాటిని చూడగానే గుర్తుపట్టవచ్చు. రెండు సిక్లిడ్ జాతులు కలిసి పుట్టిన సంకర పిల్లల్ని చాలాసార్లు గుర్తుపట్టలేం, పెద్దవై రంగు తేలాక కూడా.

అందుకే ఒకేలా కనిపించే రెండు జాతుల్ని కలిపి పెంచడం నాకు నచ్చదు. 1950లలో నైలు పెర్చ్ అనే పెద్ద వేటాడే చేపను వదిలాక విక్టోరియాలో సిక్లిడ్ జాతులు వందల్లో కనుమరుగయ్యాయి, కొన్ని అక్వేరియంలలోనే మిగిలాయి, అక్కడ కూడా కలగలిసిపోతే ఆ జాతులు ఇక ఉండవు. కలగలుపు తొట్టిలో పుట్టిన పిల్లల్ని ఎవరికైనా ఇచ్చేటప్పుడు తండ్రి ఎవరో తెలీదని చెప్పేయాలి. చాలామంది చెప్పరు.