బ్రిటన్‌లో డాక్టర్ల అప్రైజల్: అపోహలు, వాస్తవాలు

గుంటూరు నుంచో వరంగల్ నుంచో ప్లాబ్ (విదేశాల్లో చదివిన డాక్టర్లకు బ్రిటన్ పెట్టే అర్హత పరీక్ష) రాసి వచ్చి ఎన్‌హెచ్‌ఎస్‌లో, అంటే బ్రిటన్ ప్రభుత్వ వైద్య సేవలో, చేరిన మన పిల్లలు అప్రైజల్ (ఏటా జరిగే పని సమీక్ష) అనగానే బెదిరిపోతున్నారు. నేను ఆ సమీక్ష చేసే అప్రైజర్‌ని. వాళ్ల కోసమే ఇది.

అపోహ: అప్రైజర్‌కి నచ్చకపోతే రిజిస్ట్రేషన్ పోతుంది.

వాస్తవం: నా చేతిలో మార్కులు లేవు. ఏడాదికోసారి కూర్చుని మీ పని గురించి మాట్లాడుకుంటాం, నేను సారాంశం రాస్తాను. మామూలుగా ఐదేళ్లకోసారి మీ రెస్పాన్సిబుల్ ఆఫీసర్ (మీ సంస్థలో ఈ బాధ్యత చూసే సీనియర్ డాక్టర్) అవన్నీ చూసి, డాక్టర్లకు లైసెన్సులిచ్చే జనరల్ మెడికల్ కౌన్సిల్‌కు సిఫార్సు పంపుతారు. నిర్ణయం కౌన్సిల్‌దే. 2012 డిసెంబరు నుంచి ఇదే పద్ధతి, దీన్నే రీవాలిడేషన్ అంటారు. ట్రెయినింగ్‌లో ఉన్నవాళ్లకు అప్రైజల్ బదులు ఏఆర్‌సీపీ (ట్రెయినింగ్ పురోగతిపై ఏటా జరిగే సమీక్ష) సరిపోతుంది. చిక్కంతా ట్రస్ట్ గ్రేడ్ (ట్రెయినింగ్‌లో భాగం కాని, ఆసుపత్రే నేరుగా ఇచ్చే) పోస్టుల్లో ఉన్నవాళ్లకే: తమ రెస్పాన్సిబుల్ ఆఫీసర్ ఎవరో కొందరికి తెలియనే తెలియదు. చేరిన వారంలోనే కనుక్కోండి.

అపోహ: ఫిర్యాదు వస్తే అప్రైజల్ ఫైల్లో పెట్టకపోవడమే క్షేమం.

వాస్తవం: నా మొదటి అప్రైజల్‌లో నేనూ అలాగే అనుకున్నాను. ఒక పెద్దాయనకి నీరు తగ్గే మాత్ర మోతాదు పెంచి, ఇంట్లో మందులిచ్చే కూతురికి ఆ సంగతి చెప్పలేదు. ఆమె ఫిర్యాదు చేసింది. నేను దాచాను. "ఈ ఏడాది మీకు నిద్ర పట్టనివ్వని కేసు ఏది?" అని అప్రైజర్ అడిగేసరికి చెప్పేశాను. ఆయన మందలించలేదు. "తర్వాత ఏం మార్చారు?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. అప్పటి నుంచీ మందు మార్చినప్పుడల్లా డిశ్చార్జి కాగితం మీద కారణం రాస్తున్నాను, పేషెంటు ఒప్పుకుంటే ఇంటివాళ్లతోనూ మాట్లాడుతున్నాను. ఫిర్యాదు తప్పక చూపించండి. పేషెంటు పేరు మాత్రం రాయకండి.

అపోహ: రీవాలిడేషన్ వాయిదా పడితే మచ్చే.

వాస్తవం: కాదు. ప్రసూతి సెలవులో ఉండి కాగితాలు పూర్తికాని వాళ్లకూ వాయిదా ఇస్తారు. ఆ సమయంలో లైసెన్సు కొనసాగుతుంది.

అపోహ: అప్రైజల్ ఉండుంటే, పేషెంట్లను చంపిన డాక్టర్ హెరాల్డ్ షిప్‌మన్ దొరికిపోయేవాడు.

వాస్తవం: అతను పనిచేసిన ఇంగ్లండ్ పట్టణం హైడ్‌లో చాలామంది పేషెంట్లకు అతనంటే ఎంతో గురి. 2000లో 15 హత్యలకు శిక్ష పడింది, తర్వాతి విచారణలో 215 మందిని చంపాడని తేలింది. అలాంటివాణ్ణి పట్టేది డయామార్ఫిన్ (అతను చంపడానికి వాడిన బలమైన నొప్పి మందు) లెక్కలు, మరణ ధ్రువపత్రాల తనిఖీ. 2024 సెప్టెంబరు నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లో కరోనర్ (మరణాలపై విచారణ జరిపే అధికారి) దాకా వెళ్లని ప్రతి మరణాన్నీ మెడికల్ ఎగ్జామినర్, అంటే ఆ చికిత్సతో సంబంధం లేని సీనియర్ డాక్టర్, చూస్తున్నారు. అప్రైజల్‌లో బయటపడేవి వేరు. ఒక చలికాలం ఒకమ్మాయి ఫైలు తెరవకముందే ఏడ్చేసింది. వరుసగా నైట్ డ్యూటీలు, ఇంటికి వెళ్లి ఏడాదిన్నర. ఆ పూట ఫైలు పక్కన పెట్టి ఇద్దరం కలిసి ఉద్యోగుల ఆరోగ్యం చూసే ఆక్యుపేషనల్ హెల్త్‌కి ఫోన్ చేశాం.