అద్దె అగ్రిమెంట్: 11 నెలలు నిండితే ఇల్లు వదిలేయాల్సిందేనా?

నెలాఖరు వస్తే చాలు, ఫోన్లు మొదలవుతాయి. "మేడమ్, అగ్రిమెంట్ అయిపోయింది. ఆదివారంలోగా ఖాళీ చేయకపోతే తాళం వేస్తానంటున్నారు." హైదరాబాద్‌లో అద్దె తగాదాలు చూసే లాయర్‌గా అందరికీ ముందు చెప్పేది ఒకటే: టెన్షన్ పడి సామాను సర్దేయకండి.

అపోహ: 11 నెలలు దాటితే అద్దెకున్నవాళ్లకు ఏ హక్కూ ఉండదు.

వాస్తవం: 1908 నాటి కేంద్ర రిజిస్ట్రేషన్ చట్టం ఏడాదికి మించిన లీజును రిజిస్టర్ చేయించాలంటుంది. ఆ ఖర్చు, తిరుగుడు ఎందుకని 11 నెలలకు రాసుకోవడం అలవాటైంది, అంతే. తెలుగు రాష్ట్రాల్లో మాత్రం 1999 నాటి సవరణ వల్ల ఏడాదిలోపు లీజుకూ రిజిస్ట్రేషన్ కావాలి. గడువు అయ్యాక కూడా ఓనరు అద్దె తీసుకుంటూ మిమ్మల్ని ఉండనిస్తే, అగ్రిమెంట్‌లో వేరేగా లేనంతవరకు, అది నెలనెలా సాగే అద్దె అవుతుంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 116వ సెక్షన్ చెప్పేది ఇదే. దాన్ని ముగించాలంటే 106వ సెక్షన్ కింద 15 రోజుల రాతపూర్వక నోటీసు కావాలి. అప్పటికీ మీరు కదలకపోతే ఓనరు వెళ్లాల్సింది కోర్టుకు. తాళం వేయడానికి, కరెంటు తీయించడానికి, మనుషుల్ని పంపడానికి వీల్లేదు. బలవంతంగా బయటికి గెంటితే 6 నెలల్లోపు దావా వేసి ఇల్లు తిరిగి స్వాధీనం చేసుకోవచ్చు.

ఒక స్కూల్ టీచర్‌ గారు రాత్రిపూట ఏడుస్తూ ఫోన్ చేశారు. అప్పటికే గిన్నెలు అట్టపెట్టెల్లోకి చేరాయి, అడ్వాన్సు మీద ఆశ వదిలేసుకున్నారు. "ఈ నెల అద్దె తీసుకున్నారా అమ్మా?" అని అడిగాను. "ఐదో తారీఖునే ఫోన్‌పే చేశానండి, అందిందని మెసేజ్ కూడా పెట్టారు." ఆ మెసేజ్ స్క్రీన్‌షాట్ జతచేసి ఓనరుకు లెటర్ పంపించాం. మాట మెత్తబడింది. పిల్లల పరీక్షలయ్యాక, అడ్వాన్సు మొత్తం చేతికందాకే ఆవిడ ఇల్లు మారారు. అందుకే అద్దె బ్యాంకు ద్వారానో యూపీఐలోనో కట్టండి. చేతికిచ్చే డబ్బుకు సాక్ష్యం ఉండదు.

అపోహ: అగ్రిమెంట్లన్నీ ఒకటే, సంతకం పెట్టేస్తే సరి.

వాస్తవం: జిరాక్స్ షాపు ఫార్మాట్‌లోనే అసలు చిక్కంతా ఉంటుంది. లాక్-ఇన్ (మధ్యలో ఖాళీ చేయకూడని కాలం) ఎన్ని నెలలు, నోటీసు ఎన్నాళ్లు, పెయింటింగ్ కింద అడ్వాన్సులో ఎంత కోస్తారు అన్న మూడు లైన్లు వేలు పెట్టి చదవండి. "పెయింటింగ్‌కు ఒక నెల అద్దె మినహాయించబడును" అన్న దానికి సంతకం పెట్టేశాక, గోడలు శుభ్రంగానే ఉన్నాయి కదా అని వాదించడం చాలా కష్టం.

అపోహ: చివరి రెండు నెలలు అద్దె ఆపేసి అడ్వాన్సులో పట్టుకోమనొచ్చు.

వాస్తవం: ఓనరు ఒప్పుకుని రాసిస్తేనే. లేదంటే అది బకాయే, మీ కేసు మీ చేతులతో పాడుచేసుకున్నట్టే.

నోటరీ ముద్ర రిజిస్ట్రేషన్‌తో సమానం కాదు. అడ్వాన్సు రెండు నెలలకు మించకూడదంటూ వాట్సాప్‌లో తిరిగే "కొత్త చట్టం" 2021లో కేంద్రం ఇచ్చిన నమూనా మాత్రమే. రాష్ట్రం తన చట్టంలోకి తెచ్చుకుంటేనే అది అమలవుతుంది. దయచేసి ఫార్వర్డ్ చేయడం ఆపండి.

ఇక ఓనర్లకు. అద్దెకున్నవాళ్లు 12 ఏళ్లుంటే ఇల్లు వాళ్లదైపోతుందన్న భయంతో మంచి కుటుంబాల్ని ఏటా మార్చకండి. మీ అనుమతితో అద్దె కడుతూ ఉన్నంతకాలం, ఎన్నేళ్లు గడిచినా వాళ్లు అద్దెదారులే.