పాత యుద్ధవిమానాలు, గగనతలంలో ఇంధనం: కొన్ని అపోహలు - వాస్తవాలు

బెంగళూరులో విమానాల పనిలో ఉన్న తెలుగువాళ్లం చాలామందిమే ఉన్నాం. బంధువులు, ఇరుగుపొరుగువారు తరచూ అడిగే ప్రశ్నల వెనుక కొన్ని అపోహలు కనిపిస్తుంటాయి. నేను ఆధునికీకరణ విభాగంలో పనిచేస్తున్నాను కనుక నాకు తెలిసినంతవరకు వాటికి సమాధానం రాస్తున్నాను.

అపోహ: అప్‌గ్రేడ్ చేస్తే పాత విమానం కొత్తదైపోతుంది.

వాస్తవం: ఆధునికీకరణ వేరు, ఆయుష్షు పొడిగింపు వేరు. 1979లో మన వైమానిక దళంలో చేరిన జాగ్వార్ యుద్ధవిమానానికి ప్రభుత్వ విమాన తయారీ సంస్థ హెచ్‌ఏఎల్ ఇక్కడే డారిన్-3 పేరుతో కొత్త మిషన్ కంప్యూటర్‌ను, కాక్‌పిట్‌లో కొత్త తెరలను అమర్చింది. 2016 నవంబర్‌లో దానికి ప్రాథమిక అనుమతి లభించింది. అయితే ఎన్నో ఏళ్లుగా మలుపు మలుపుకూ రెక్కల మొదళ్లు మోసిన భారం ఈ మార్పులతో చెరిగిపోదు. అందుకే రెక్కల అతుకుల్లోని బోల్టులు విప్పి, ఆ రంధ్రాల లోపలి అంచుల్లో కంటికి ఆనని పగుళ్లున్నాయేమోనని ఎడ్డీ కరెంట్ పరికరంతో (లోహంలో విద్యుత్ ప్రవాహాలు పుట్టించి లోపాలను పట్టే సాధనంతో) వెతకాల్సి ఉంటుంది. విమానం వయసును మేము తయారైన సంవత్సరాన్ని బట్టి మాత్రమే కాక, ఎగిరిన గంటలను బట్టి, తట్టుకున్న ఒత్తిడిని బట్టి కూడా లెక్కిస్తాం.

అపోహ: పాత ఎలక్ట్రానిక్ పరికరం పెట్టె తీసి కొత్తది బిగిస్తే పని అయిపోతుంది.

వాస్తవం: అసలు పని అక్కడే మొదలవుతుంది. కొత్త పరికరం తేలికగా ఉంటే మంచిదేనని అనిపిస్తుంది కానీ, ముక్కు భాగంలో బరువు తగ్గితే గరిమనాభి (విమానం బరువంతా కేంద్రీకృతమైనట్టుండే బిందువు) వెనక్కి జరిగి విమానం నిలకడ దెబ్బతింటుంది కనుక, ఒక్కోసారి తగ్గిన బరువుకు బదులు అక్కడ ఉత్త లోహపు దిమ్మలనే బిగించాల్సి వస్తుంది. కొత్త రాడార్‌కు కావలసిన కరెంటును పాత జనరేటర్ ఇవ్వగలదా, అది పుట్టించే వేడిని పాత శీతలీకరణ వ్యవస్థ లాగేయగలదా అన్నది ముందే తేలాలి. అన్నిటికంటే ఓపికను పరీక్షించేవి వైర్లు. దశాబ్దాల తరబడి వేడికి, తేమకు గురైన వైరు కట్టను కాస్త వంచితే చాలు, పైతొడుగు బీటలు వారుతుంది. అలాంటి కట్టను మార్చకుండా కొత్త కంప్యూటర్ బిగించడం నా దృష్టిలో ప్రమాదాన్ని కొనితెచ్చుకోవడమే.

ఇంజిన్ మార్పు ఇంతకన్నా కష్టం. జాగ్వార్‌కు కొత్త ఇంజిన్లు పెట్టాలన్న ఆలోచనను ఖర్చు భరించలేనంతగా ఉండటంతో 2019లో విరమించుకున్నారు.

అపోహ: ట్యాంకర్ (గాలిలోనే ఇతర విమానాలకు ఇంధనం అందించే విమానం) తోడుంటే యుద్ధవిమానం ఎంతసేపైనా ఎగరగలదు.

వాస్తవం: ట్యాంకర్ ఇవ్వగలిగేది ఇంధనాన్ని మాత్రమే. ఇంజిన్ ఆయిల్ గాలిలో నింపలేం, వాడిన ఆయుధాలు మళ్లీ రావు, పైలట్ అలసట తీరదు. పైగా మన దగ్గరున్న ఐఎల్-78 ట్యాంకర్లు ఆరే. ఆ ట్యాంకర్ వదిలే గొట్టం చివర బుట్ట గాలికి ఊగుతూ ఉంటుంది. దానికంటే అతి స్వల్ప వేగం ఎక్కువగా ఉంచుకుంటూ, తన విమానం నుంచి ముందుకు పొడుచుకొచ్చిన ఇంధన గొట్టాన్ని (ప్రోబ్‌ను) అందులోకి చేర్చాల్సింది వెనుకనున్న పైలటే. 2018 సెప్టెంబర్ 10న మన తేజస్ 20,000 అడుగుల ఎత్తున ఈ పద్ధతిలోనే 1,900 కిలోల ఇంధనం తీసుకుంది.

దూరం పెరగడం ఒక్కటే దీనివల్ల లాభం కాదు. ఆయుధాలు ఎక్కువగా, ఇంధనం తక్కువగా పెట్టుకుని రన్‌వే మీద నుంచి లేచి, పైకి వెళ్లాక ట్యాంకులు నింపుకునే వీలుంటుంది. ఇంజిన్ శక్తి పరిమితంగా ఉన్న పాత విమానానికి, ముఖ్యంగా మండే ఎండల్లో, ఇది ఎంతో అక్కరకొస్తుంది.