ముల్కనూరు నుంచి ఎఫ్‌పీవోల దాకా: సంఘం వేరు పట్టేది ఎక్కడ?

రైతు ఉత్పత్తిదారుల సంఘాల (ఎఫ్‌పీవోల) కోసం కేంద్రం 2020 ఫిబ్రవరిలో పెద్ద పథకం ప్రారంభించింది. లక్ష్యం దేశమంతటా 10,000 ఎఫ్‌పీవోలు, కేటాయింపు రూ.6,865 కోట్లు. మైదాన ప్రాంతంలో 300 మంది రైతులు కలిస్తే చాలు. నిర్వహణ ఖర్చుకు మూడేళ్లలో రూ.18 లక్షల దాకా వస్తుంది, చేయిపట్టి నడిపించే సంస్థ ఐదేళ్లు తోడుంటుంది. ఉమ్మడి వరంగల్‌లోనూ ఇలా సంఘాలు పుట్టాయి. ముందుగా పుట్టినవాటికి ఆ గడువులు తీరుతున్నాయి. సీఈవో జీతం, ఆఫీసు అద్దె, లెక్కలు రాసే మనిషి ఖర్చు ఇకమీద సొంత వ్యాపారంలోంచే రావాలి.

ఈ సందర్భంలోనే పర్మాకల్చర్ మాట వినిపిస్తోంది. ఆస్ట్రేలియాలోని టాస్మానియాలో అధ్యాపకుడు బిల్ మాలిసన్, విద్యార్థి డేవిడ్ హోమ్‌గ్రెన్ కలిసి రూపొందించిన ఈ ఆలోచన 1978లో పుస్తకంగా వచ్చింది. అడవి ఎవరూ ఎరువు వేయకుండానే ఎలా నిలబడుతుందో చూసి, పొలాన్ని అలా కట్టుకోవాలన్నది దాని సారం. 2002లో హోమ్‌గ్రెన్ దాన్ని 12 సూత్రాలుగా విడమరిచి చెప్పాడు. ముందు గమనించు, చిన్నగా నెమ్మదిగా మొదలుపెట్టు, వచ్చిన ఫలితాన్ని బట్టి సర్దుకో, విడదీయకుండా కలుపు, అంచుల్ని వదలకు వంటివి అందులో ఉన్నాయి. ఇవి పొలానికే కాదు, పాలనకూ ఆర్థిక వ్యవహారాలకూ వర్తిస్తాయని ఆయన అప్పుడే అన్నాడు. తెలంగాణలో ఈ పద్ధతికి జహీరాబాద్ ప్రాంతం పాత కేంద్రం. 2017లో అంతర్జాతీయ పర్మాకల్చర్ సదస్సు కూడా హైదరాబాద్‌లో జరిగింది.

ఈ సూత్రాలను సంఘాలకు అన్వయించాలంటే ఆస్ట్రేలియా దాకా పోనక్కర్లేదు. వరంగల్ చుట్టూ నిలిచిన సంఘాలూ ఉన్నాయి, నిలవనివీ ఉన్నాయి. రెండూ పాఠాలే.

పాఖాల, రామప్ప, లక్నవరం చెరువులు కాకతీయుల నాటివి. పెద్ద చెరువుల సంగతి అందరికీ తెలుసు, ఊరూరా ఉన్న గొలుసుకట్టు చెరువుల గురించే తక్కువ మాట్లాడుకుంటాం. పై చెరువు నిండి మత్తడి దుంకితే ఆ నీళ్లు కింది చెరువుకు చేరతాయి. చెరువు కట్టినవారికి, కాపాడినవారికి ఆయకట్టులో కొంత భూమి దశబంధ మాన్యంగా దక్కేది. తూము ఎత్తి దించే నీరటికి పంట చేతికొచ్చాక రైతులు గింజలు కొలిచేవారు. పంట బాగుంటేనే అతనికీ బాగుంటుంది కాబట్టి ఏ మడికి నీళ్లు అందలేదో అతనే ముందు చూసేవాడు. ఏ శాఖ అధికారీ అంత దగ్గరగా చూడలేడు.

కాలక్రమంలో చెరువు సర్కారుదైంది, నీరటి పని పలుచబడింది. ఆ లోటు పూడ్చడానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1997లో చట్టం తెచ్చి, ఒకే విడతలో పదివేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలకు ఎన్నికలు జరిపించింది. ఉద్దేశం మంచిదే. కానీ డబ్బు పైనుంచి మరమ్మతు పనుల రూపంలో వచ్చింది. చాలాచోట్ల సంఘం అధ్యక్షుడంటే చిన్న కాంట్రాక్టరే అన్న పేరు పడింది. తర్వాత ఎన్నికలూ సక్రమంగా సాగలేదు. 2015లో మొదలైన మిషన్ కాకతీయ పూడిక తీసింది, కట్టలు బాగుచేసింది. ఆ మేలు కాదనలేం. అయితే రోజూ తూము దగ్గర నిలబడే మనిషిని, అతన్ని పోషించే ఏర్పాటును తిరిగి తేలేదు.

ఇదే నేల మీద ఇంకో కథ 1956లో మొదలైంది. ఇప్పటి హనుమకొండ జిల్లా భీమదేవరపల్లి మండలంలోని ముల్కనూరులో ఏ.కె. విశ్వనాథరెడ్డి చొరవతో సహకార గ్రామీణ బ్యాంకు, మార్కెటింగ్ సంఘం పుట్టింది. చుట్టుపక్కల ఊళ్లే దాని హద్దు. అప్పు ఇచ్చేదీ, ఎరువులు విత్తనాలు అమ్మేదీ, పంట కొనేదీ ఒకే సంఘం. రైతు వడ్లో పత్తో తెచ్చి సంఘానికి పోస్తే అప్పు అందులోనే తీరుతుంది, మిగిలింది చేతికొస్తుంది. రైస్ మిల్లు, జిన్నింగ్ మిల్లు, వరి విత్తనాల శుద్ధి ఒక్కొక్కటిగా వచ్చి చేరాయి. సభ్యుల పొదుపు సంఘంలోనే నిలిచింది. వానాకాలం నీళ్లు చెరువులో ఆగినట్టు డబ్బు ఊళ్లోనే ఆగింది.

1990లలో సహకార సంఘాలను ప్రోత్సహించే సహవికాస సంస్థ ఇదే ప్రాంతంలో ఊరికో మహిళా పొదుపు సంఘాన్ని కట్టించింది. ప్రభుత్వ వాటా ధనం, ప్రభుత్వ పెత్తనం లేని సహకార సంఘాలకు 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం దారి వేసింది. దాని కిందే 2002లో ముల్కనూరు మహిళా డెయిరీ వచ్చింది, ఇప్పుడు ‘స్వకృషి’ పేరుతో పాలు అమ్ముతోంది. లక్షల లీటర్ల వ్యాపారానికి ముందు ఆ ఆడవాళ్లకు పుస్తకం చూసి లెక్క అడగడం అలవాటైంది. పాల కేంద్రంలో పాలు పోసినప్పుడే వెన్న శాతం తేలుతుంది, ఆ అంకె పుస్తకంలో పడుతుంది, తేడా వస్తే పాలు పోసినామె అక్కడే నిలదీస్తుంది. ఫలితాన్ని బట్టి సర్దుకోవడమంటే ఇదే. ఏడాదికోసారి మహాసభలో చేతులెత్తడం దీనికి సాటి రాదు.

ముల్కనూరులో రైతుల బ్యాంకు పుట్టాక మహిళా డెయిరీ రావడానికి 46 ఏళ్లు పట్టింది. పథకాల భాషలో అది ఆలస్యం. వేరు పట్టడానికి పట్టిన కాలమని నేనంటాను.

గమనించడం నుంచి సంఘం ఎలా పుడుతుందో జనగామ జిల్లా ఏనబావి చూపించింది. ఎర్ర గొంగళి పురుగు ఆముదం చేలను ఊడ్చేసే చోటది. తొలకరి పడగానే భూమిలోంచి రెక్కల పురుగులు లేస్తాయి. అప్పుడు మంటలు వేసి పట్టాలి. ఒక్కరు వేస్తే లాభం లేదు, పక్క చేలోంచి మళ్లీ వస్తాయి. ఊరంతా ఒకే రాత్రి వేయాల్సిందే. ఊరు ఒక్కటి కావడానికి పురుగు బతుకుతీరే కారణమైంది. 1998 ప్రాంతంలో పత్తి రైతుల ఆత్మహత్యలతో వరంగల్ అల్లాడిన కొన్నేళ్లకే, 2000ల మధ్యలో, ఏనబావి మొత్తంగా రసాయనాలు మానేసింది.

ఇక ఎఫ్‌పీవోల సంగతి. 300 సంఖ్య నింపడం కష్టం కాదు. ఆ 300 మందికీ ఒకే సీజన్‌లో, ఒకే వారంలో కలిగే ఇబ్బంది ఏదో తెలుసుకోవడమే కష్టం. వడ్లకు గోనె సంచులా, పత్తి తూకమా, మిర్చి ఆరబోసే కల్లమా? దాన్ని ఒక పంటకాలం చూసి, ఆ ఒక్క పనితోనే మొదలుపెట్టాలి. గ్రాంటు రూపాయికి ముందు సభ్యుల పొదుపు రూపాయి పెట్టెలో ఉండాలి. అంచు సంగతీ అంతే. చెరువు నీళ్లు వెనక్కి తగ్గిన శిఖంలో దోస, పుచ్చ పండినట్టే సంఘానికి బలం కొన్నిసార్లు అంచునున్నవారి నుంచే వస్తుంది. పాస్‌బుక్ చూసే సభ్యత్వమిస్తే కౌలు రైతు బయటే మిగులుతాడు. పత్తి ఏరే, నాట్లు వేసే ఆడవాళ్లూ బయటే. పంట నాణ్యత ఎక్కడ పోతోందో ముందుగా తెలిసేది వాళ్లకే. గడువు తీరుతున్న సంఘాలు కొత్త గ్రాంటుకు దరఖాస్తు రాసే ముందు వాళ్లను సభ్యులుగా చేర్చుకుని, నెలకోసారి లెక్కల పుస్తకం వాళ్ల ముందు చదివి వినిపించాలి.