బజారు నడుమ భవంతి: వరంగల్ పాత ఇళ్లు హోటళ్లు ఎందుకు కాలేదు

రామప్ప గుడికి 2021 జులైలో యునెస్కో గుర్తింపు దక్కినప్పటి నుంచి వరంగల్‌కు బయటివాళ్ల రాక మీద ఆశలు పెరిగాయి. వచ్చినవాళ్లు పగలంతా కాకతీయుల రాతిపని చూస్తారు. రాత్రికి మాత్రం ఏ ఊళ్లోనైనా దొరికే అద్దాల హోటల్ గదికే చేరుతారు. పుదుచ్చేరిలో, చెట్టినాడులో, అహ్మదాబాద్ పాతబస్తీలో తాతల నాటి ఇళ్లనే చిన్న హోటళ్లుగా మార్చి నడుపుతున్నారు. మన దగ్గర ఆ పని ఎందుకు జరగలేదో తెలియాలంటే నిజాం రైలు దాకా వెనక్కి పోవాలి.

1889 నాటికి సికింద్రాబాద్ నుంచి వరంగల్ మీదుగా బెజవాడ దాకా పట్టాలు పడ్డాయి. 1929లో కాజీపేట–బల్లార్షా లైను పూర్తయి మద్రాసు–ఢిల్లీ దారి కలిసింది. హన్మకొండ వైపు సుబేదారీలో అధికారుల బంగ్లాలు లేచాయి. కలెక్టర్ బంగ్లా 1886 నాటిది. స్టేషన్ వైపున బీట్ బజార్, గిర్మాజీపేట, మట్టెవాడ వ్యాపారంతో నిండాయి. ముందు దుకాణం, వెనక కాపురం ఉండే ఇళ్లకు అక్కడ కొదవ లేదు.

ఆ ఇళ్ల కట్టుబడి తీరు చూడాలి. వీధి వైపు ఒక్కటే పెద్ద దర్వాజ, మందపాటి గోడ, ఒకటో రెండో కిటికీలు. అర్రలన్నీ ఇంటి మధ్య పైకప్పు లేని నడిమి వాకిలి వైపే తెరుచుకుంటాయి. టేకు స్తంభాలు, పైన గూన పెంకలు, వెనక దొడ్డిలో చేదబావి. బయట ఆటోల మోత ఎంత ఉన్నా ఆ గోడ దగ్గరే సగానికి సగం ఆగిపోతుంది. వేడిగాలి వాకిలి మీదుగా పైకి పోతుంది కాబట్టి ఎండాకాలం మధ్యాహ్నం కూడా అర్రల్లో కూర్చోగలం. సందడి బజారు నడుమ ఏకాంతం కావాలని ఇవాళ హోటళ్లు లక్షలు పోసి చేయించుకునే ఏర్పాటు ఈ ఇళ్లకు పుట్టుకతోనే ఉంది.

రాజస్థాన్‌లో రాజులు 1950ల నుంచే తమ మహళ్లను హోటళ్లుగా మార్చడం మొదలుపెట్టారు. 1971లో రాజభరణాలు రద్దయ్యాక అది ఇంకా పెరిగింది. హైదరాబాద్‌లో ఫలక్‌నుమా 2010లో హోటల్ అయ్యింది. ఉత్తర తెలంగాణలో అలాంటి పెద్ద కట్టడాలంటే దొరల కోటల్లాంటి ఇళ్లు, గడీలే. వాటి చరిత్ర వేరు. 1946 జులై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తూటాలకు దొడ్డి కొమురయ్య నేలకొరిగాడు. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1978 సెప్టెంబర్ 7న దొరలకు ఎదురుగా రైతు కూలీలు కదిలిన జగిత్యాల జైత్రయాత్ర తర్వాత చాలామంది దొరలు పల్లెలు వదిలి పట్నాలకు చేరారు. గడీలు కొన్ని కూలిపోయాయి, కొన్ని బడులూ ఆఫీసులూ అయ్యాయి. వారసులు బాగుచేయించిన దోమకొండ కోటకు 2022లో యునెస్కో ఆసియా–పసిఫిక్ వారసత్వ పురస్కారం దక్కింది గానీ అలాంటివి అరుదు. గడీని హోటల్ చేయడం తప్పు కాదనే నా అభిప్రాయం. అయితే అక్కడ దిగినవాళ్లకు దొర వైభవం ఒక్కటే చెప్పి, వెట్టికి రాళ్లు మోసినవాళ్ల కథ దాచేస్తే అది అన్యాయం.

వరంగల్ పట్నంలోని ఇళ్లకు ఆ బరువు లేదు. వాటిని మింగింది వేరే. ఒకటి రోడ్ల వెడల్పు. రెండోది సిమెంటు. పాత గోడ డంగుసున్నంతో కట్టినది. సున్నం, ఇసుక గానుగలో నూరి, బెల్లం నీళ్లు, కరక్కాయ రసం కలిపిన ఆ గచ్చు చెమ్మ పీల్చుకుని మళ్లీ వదిలేస్తుంది. రాలిన చోట సిమెంటు పూస్తే చెమ్మ లోపలే చిక్కుకుంటుంది, ఉప్పు తేలి గోడ పొరలు పొరలుగా ఊడుతుంది. ‘పాత ఇల్లు ఆగదు’ అనే మాట చాలాచోట్ల ఇలాగే పుట్టింది.

చట్టం చేయి ఇక్కడిదాకా అందలేదు. పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం కేంద్ర రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషేధం. అది వరంగల్ కోటనూ వేయిస్తంభాల గుడినీ కాపాడుతుంది, బీట్ బజార్ ఇంటిని కాదు. 2017లో రాష్ట్ర వారసత్వ చట్టం వచ్చింది. వారసత్వ నగరాల కోసం 2015లో మొదలైన కేంద్ర హృదయ్ పథకం ఎంచుకున్న 12 నగరాల్లో వరంగల్ ఒకటి. అయినా 1886 నాటి సెంట్రల్ జైలును ఆసుపత్రి కోసం 2021లో కూల్చేశారు. ఆసుపత్రి కావాల్సిందే, కాదనేవాళ్లు లేరు. ఒక్క బ్లాకైనా నిలపాల్సింది.

కేంద్ర పర్యాటక శాఖ లెక్కలో 1950కి ముందు కట్టిన, కనీసం 5 గదులున్న ఇల్లు హెరిటేజ్ హోటల్ కావచ్చు. గిర్మాజీపేటలో రెండు వాకిళ్ల ఇంటికి ఆ కొలత పెద్దది కాదు. స్నానాల గదులు పాత గోడలు తొలిచి కాకుండా దొడ్డి వైపు కట్టుకోవచ్చు. నేల మీద పరవడానికి కొత్తవాడ దర్రీలు ఊళ్లోనే నేస్తారు, వాటికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. చిక్కంతా పంపకాల దగ్గర. ఒక ఇంటికి అరడజను మంది వారసులు ఉంటే, అందరూ సంతకం పెట్టందే బ్యాంకు అప్పు పుట్టదు. అందుకే అమ్మి పంచుకోవడం తేలికవుతోంది. ఇల్లు ఎవరి వాటా వారికే ఉంచి, పదిహేను ఇరవై ఏళ్లకు లీజుకిచ్చి, కిరాయి పంచుకునే ఒప్పందాన్ని నగరపాలక సంస్థ దగ్గరుండి కుదర్చగలిగితే, ఈ వీధుల్లో మొదటి దర్వాజ తెరుచుకుంటుంది.