పైపులైన్ తుప్పు: సైట్‌లో రోజూ వినిపించే అపోహలు

అపోహ: తుప్పు పాత పైపుకే, కొత్తదానికి బెంగ లేదు.

భూమిలో ఉన్న ఉక్కుకు వయసు కన్నా కరెంటుతోనే ఎక్కువ పేచీ. పైపు మీద ఏ చోటు నుంచి కరెంటు మట్టిలోకి దిగుతుందో అక్కడ ఇనుము కరుగుతుంది. ఒక ఆంపియర్ డీసీ ఏడాది పాటు అలా దిగితే దాదాపు 9 కిలోల ఇనుము పోయినట్టే. అదీ పైపంతా సమానంగా పోదు, కోటింగ్ ఊడిన గోరంత చోట పోతుంది. లీకైన పాత లైనులో రెండు మీటర్లు కోసి కొత్త ముక్క అతికిస్తే, చాలాసార్లు ముందు బొక్కపడేది ఆ కొత్త ముక్కకే. పాత ఉక్కుకు తుప్పు పొర ఉంటుంది. దాని పక్కన మెరిసే కొత్త ఉక్కు యానోడ్ (కరెంటు మట్టిలోకి వదిలి తాను కరిగిపోయే వైపు) అయి కూర్చుంటుంది.

అపోహ: ఫ్యాక్టరీ కోటింగ్ ఉంది కదా, జాయింట్ దగ్గర స్లీవ్ (మంటతో వేడి చేస్తే ముడుచుకుని అతుక్కునే ప్లాస్టిక్ పట్టీ) చుడితే సరి.

పైపుకు ఫ్యాక్టరీలో వేసిన కోటింగ్ సాధారణంగా బాగానే ఉంటుంది. తేడా వచ్చేది వెల్డ్ జాయింట్ దగ్గర, అంటే కాంట్రాక్టరు మనుషులు ఎండలో, దుమ్ములో, గుంతలో కూర్చుని చేసే పనిలో. వైర్ బ్రష్‌తో రుద్ది స్లీవ్ చుట్టేస్తే అది పని కాదు. గ్రిట్ బ్లాస్టింగ్‌తో ఉక్కు ఎస్ఏ రెండున్నర (శుభ్రతకు కొలమానం, దాదాపు మచ్చ లేని ఉక్కు) స్థాయికి తెల్లబడాలి, గరుకుదనం 50 నుంచి 100 మైక్రాన్లు రావాలి. ఉక్కు వేడి మంచుబిందువు (గాలిలోని తేమ నీరయ్యే ఉష్ణోగ్రత) కన్నా కనీసం 3 డిగ్రీలు ఎక్కువ లేకపోతే కంటికి కనిపించని చెమ్మ పడుతుంది, ఆ పూట పని ఆపాల్సిందే. ఆ తర్వాత ఎపాక్సీ ప్రైమర్. స్లీవ్ అంచులు రెండు వైపులా ఫ్యాక్టరీ కోటింగ్ మీదకు కనీసం 50 మిల్లీమీటర్లు ఎక్కాలి. మంట మధ్యలో మొదలుపెట్టి అంచుల వైపు తీసుకెళ్లాలి, లేకపోతే గాలి లోపలే చిక్కుకుంటుంది.

తప్పు ఎక్కువగా జరిగేది పైపు అడుగున. టార్చ్ పట్టుకున్న మనిషి కిందికి వంగడు, అక్కడ జిగురు కరగదు. పైన చూస్తే స్లీవ్ నున్నగా ఉంటుంది. పని చూసేవాళ్లు అద్దం పెట్టి అడుగు అంచు చూడాలి: జిగురు చుట్టూతా సన్నటి గీతలా బయటికి పొంగి ఉండాలి. ఒకచోట ఆ గీత తెగిందంటే అక్కడి నుంచి నీళ్లు దూరతాయి.

అలా ఊడిన ప్లాస్టిక్ పొర కింద నిలిచిన నీటి దగ్గరికి క్యాథోడిక్ ప్రొటెక్షన్ (సీపీ, అంటే తుప్పు పట్టకుండా మట్టిలోంచి పైపుకు కరెంటు పంపే రక్షణ) కరెంటు సరిగ్గా చేరదు, ప్లాస్టికే అడ్డుపడుతుంది. కోటింగ్ పూర్తిగా లేచిపోయి ఉంటేనే కొంత నయం, కనీసం కరెంటైనా తగిలేది.

అపోహ: టెస్ట్ పోస్ట్‌లో (పైపు వోల్టేజీ కొలిచే స్తంభం) రక్షణకు కావాల్సిన మైనస్ 850 మిల్లీవోల్ట్ వచ్చింది, లైను భద్రం.

ఏ రీడింగ్ అది? రెక్టిఫయర్ (సీపీకి డీసీ కరెంటు ఇచ్చే పెట్టె) ఆన్‌లో ఉండగా తీసిందైతే అందులో మట్టి తినేసిన వోల్టేజీ కూడా కలిసి ఉంటుంది. ఆ సెక్షన్ మీద ప్రభావం చూపే రెక్టిఫయర్లన్నింటినీ ఇంటరప్టర్లతో ఒకేసారి ఆపి, ఆ క్షణంలో తీసిన ఆఫ్ రీడింగే లెక్క. ఆన్‌లో మైనస్ 1150 చూపించి ఆఫ్‌లో మైనస్ 780కి జారే చోటు ఈ కొలత ప్రకారం రక్షణలో లేనట్టే. సల్ఫేట్‌ను తినే బ్యాక్టీరియా ఉన్న బురద నేలలో మైనస్ 950 చూసుకోవాలి. అలాగని కరెంటు పెంచుకుంటూ పోవడమూ మంచిది కాదు. ఆఫ్ రీడింగ్ మైనస్ 1200 దాటితే హైడ్రోజన్ పుట్టి కోటింగ్‌నే లేపేస్తుంది.

ఈ రీడింగ్ తీయడానికి నేలకు ఆనించే కాపర్ సల్ఫేట్ ఎలక్ట్రోడ్‌లో కరగని స్ఫటికాలు కనిపిస్తున్నాయో లేదో చూడండి. నేల ఎండి ఉంటే నీళ్లు పోసి ఎలక్ట్రోడ్ దించండి. తారు రోడ్డు మీద పెట్టి తీసిన అంకె నమ్మదగ్గది కాదు.

అపోహ: సీపీ ఉంది కాబట్టి లోపలా తుప్పు పట్టదు.

పైపు బయట పెట్టిన రక్షణ లోపలి గోడకు అందదు. 2000 ఆగస్టులో అమెరికాలోని న్యూ మెక్సికోలో, కార్ల్స్‌బాడ్ దగ్గర 30 అంగుళాల గ్యాస్ లైను పేలి 12 మంది చనిపోయారు. కారణం లోపలి తుప్పు. ప్రవాహం తగ్గిన లైన్లలో, పల్లంలో నీరు నిలిచే చోట పైపు అడుగునే గుంటలు పడతాయి. క్లీనింగ్ పిగ్ (పైపు లోపల పంపే, శుభ్రం చేసే పరికరం) తోసుకొచ్చిన మురికిని పారబోయకండి. అందులో నీరు, క్లోరైడ్, ఇనుము ఎంతున్నాయో పరీక్షిస్తే లోపలి సంగతి సగం తెలిసిపోతుంది.

అపోహ: రోడ్డు కింద కేసింగ్ (పైపు చుట్టూ తొడిగే పెద్ద ఉక్కు గొట్టం) అదనపు రక్షణ.

రెండిటినీ ఎడంగా ఉంచే స్పేసర్ విరిగి కేసింగ్ పైపును తాకితే సీపీ కరెంటంతా కేసింగ్ ఎత్తుకుపోతుంది.

అపోహ: స్మార్ట్ పిగ్ (పైపు లోపల వెళ్తూ గోడ ఎంత పోయిందో చూసే పరికరం) రిపోర్టు వచ్చాక తవ్వి చూడక్కర్లేదు.

అయస్కాంతంతో పనిచేసే స్మార్ట్ పిగ్ గుంట లోతును నేరుగా కొలవదు, అంచనా వేస్తుంది. 2015 మేలో కాలిఫోర్నియాలోని రెఫ్యూజియో దగ్గర చమురు లైను పగిలింది. పగలకముందు పిగ్ ఆ చోట గోడ మందంలో సగం కన్నా తక్కువే పోయిందని చూపింది. పగిలాక కొలిస్తే పోయింది 89 శాతం. అందుకే రిపోర్టులో పెద్దగా కనిపించిన చోట్లే కాకుండా మధ్యరకంవి కూడా కొన్ని తవ్వించి, పిట్ గేజ్‌తో (గుంట లోతు చూసే సాధనం) కొలిచి, ఆ అంకెలు పిగ్ కంపెనీకి తిరిగి పంపాలి. పూడ్చే ముందు హాలిడే డిటెక్టర్ (కోటింగ్‌లో చిల్లులు కనిపెట్టే పరికరం) తిప్పాలి, పైపు చుట్టూ రాళ్లు లేని మెత్తటి మట్టి వేయాలి. తవ్వి చూసిన చోటే రాయి గుచ్చుకుని కొత్త బొక్క పడటం అరుదేమీ కాదు.